మూడో బంతి

ఆ సాయంత్రం కూడా కెజియా పార్సిలే తెచ్చుకుంది.

వీధి గుమ్మంలో చెప్పులు విడిచి, తల్లి వంక చూడకుండా వంటింట్లోకి వెళ్ళి గట్టుమీద పార్సిల్ విప్పింది. ప్లాస్టిక్ డబ్బాలో ఫ్రైడ్ రైసు, చిన్న డబ్బాలో పెరుగు పచ్చడి, తెల్ల ప్లాస్టిక్ చెంచా, వీటన్నిటినీ మోసుకొచ్చిన పల్చటి కవరు. నిలబడే తింది. తిన్నాక ఖాళీ డబ్బాను చెత్తబుట్టలో వెయ్యలేదు. నిన్నటి డబ్బా మీద, మొన్నటి డబ్బా మీద తీరిగ్గా పేర్చి, చెయ్యి కడుక్కుని తన గదిలోకి వెళ్ళిపోయింది.

పొయ్యిమీద చారు మరుగుతోంది. ప్రేమకుమారి ఆ డబ్బాల వంక కాసేపు చూసి పొయ్యి కట్టేసింది.

ఆ ఇంట్లోకి ప్లాస్టిక్ కవరు వచ్చి ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తులేదు. కూరలకు గుడ్డసంచి, మాంసానికి స్టీలు క్యారేజీ, బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకు మొక్కకి, స్నానాల గది నీళ్ళు అరటి పాదుకి. చిరిగిన దుప్పటి గుమ్మంలో కాళ్ళు తుడుచుకునే పట్టా అవుతుంది, పట్టా చిరిగితే మసిగుడ్డ అవుతుంది. మిషన్ స్కూల్లో పిల్లలకు సైన్సు చెప్పే మనిషి చెప్పింది చెయ్యకపోతే ఎలా అన్నది ఆమె వాదం. తెనాలి బజార్లో ఆమెకు 'సంచి టీచరమ్మ' అని పేరు పడిపోయింది. ఆ పేరుకి ఆమె లోలోపల కాస్త మురిసిపోయేది కూడా. పిసినారి అనుకునేవాళ్ళు అనుకోనీ. భర్త ప్రకాశానికి గుండెజబ్బు చేసినప్పుడు ఒకరి గుమ్మం తొక్కకుండా ఆపరేషన్ చేయించింది ఆ మిగులే. కెజియాను వ్యవసాయం చదివించి, బాపట్లలో విత్తనాల ల్యాబులో ఉద్యోగానికి నిలబెట్టిందీ ఆ మిగులే. నేలకీ మేలు, ఇంటికీ మేలు. ఇందులో తప్పెక్కడుందో ఆమెకు ఇన్నేళ్ళూ అర్థం కాలేదు.

పోయినవారం, కూతురి ప్రధానం నాడు, అందరూ కలిసి అర్థమయ్యేలా చేశారు.

రేపల్లె అబ్బాయి శ్యామ్‌తో కెజియాకు ప్రధానం. ఇద్దరూ బాపట్లలో పరిచయమై, ఒకరినొకరు కోరుకున్నవాళ్ళు. గుడి పక్క హాల్లో ఉంగరాలు మార్చుకున్నారు, పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశారు, అంతా సవ్యంగానే జరిగింది. భోజనాల దగ్గరే వచ్చింది తంటా. విందుల్లో విస్తళ్ళతో సహా చుట్టి పారేసే అన్నం చూస్తే ప్రేమకుమారికి కడుపు తరుక్కుపోతుంది. తన పిల్ల విందులో ఒక్క మెతుకు నేలపాలు కాకూడదని ముందే పట్టుబట్టింది. అద్దెకు స్టీలు కంచాలు తెప్పించింది. కార్డులిచ్చినవాళ్ళని చూసుకుని, పైన ఇంకొందరికి వేసుకుని, వంటాయనకు తనే బియ్యం కొలిచి ఇచ్చింది. రెండు బంతులు లేచాయి. కంచాల్లో ఏమీ మిగల్లేదు, గిన్నెల్లో కొంచెం మిగిలింది. ఆమెకు ఆ క్షణాన కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు.

అప్పుడు దిగారు రేపల్లె జనం. పెళ్ళివారితో పొద్దున వచ్చిన వ్యాను కాక, ముందు ఇంకో వ్యాను, వెనక వరసగా ఆటోలు. ముసలివాళ్ళు, చంకన పిల్లలతో ఆడవాళ్ళు, అడవులదీవి నుంచి తెల్లవారకముందే బయల్దేరి వచ్చిన శ్యామ్ పెదనాన్న. అందరూ నవ్వుతూ దిగి, చేతులు కడుక్కుని, మూడో బంతిలో కూర్చున్నారు. గరిటె పలావు గిన్నె అడుగున గీరుకుంటుంటే వడ్డించే కుర్రాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బంతి సగం దాకా వచ్చి వడ్డన ఆగిపోయింది.

గాభరాలో ప్రేమకుమారి నోరు జారింది. "వీళ్ళందర్నీ ఎవరు పిలిచారు?" అంది. పిలవని పేరంటం అన్న మాట నాలిక చివరదాకా వచ్చి ఆగింది గానీ, అన్న మాటే చాలింది. శ్యామ్ తల్లి కృపమ్మ సరిగ్గా ఆమె వెనకే నిలబడి ఉంది.

ప్రకాశం హోటళ్ళ వెంట పరిగెత్తి పార్సిళ్ళు పట్టుకొచ్చేసరికి ఆటోలు వెళ్ళిపోయాయి.

మొన్న ఆదివారం రేపల్లె గుడిలో పెళ్ళి ప్రకటన చదవలేదు. కృపమ్మగారు ఆగమన్నారట. ప్రకటన మూడు ఆదివారాలు చదవాలి. చదివితేనే పెళ్ళి. ఉపవాసాల లెంటు రోజులు మొదలైతే ఈస్టరు దాకా గుడిలో పెళ్ళిళ్ళుండవు. ఈ ఆదివారం మొదలుపెడితే అతికినట్టు సరిపోతుంది. ఈ ఆదివారం కూడా చదవకపోతే ఇక ఈస్టరు తర్వాత మాట. ఈస్టరు తర్వాత అంటే అర్థం ఏమిటో ఇరుపక్షాల వాళ్ళకీ తెలుసు. శ్యామ్ ఫోనులో 'అమ్మ కొంచెం చల్లబడాలి' అని మాత్రం అంటున్నాడు.

*

ప్రకాశం చీకటి పడుతుండగా వచ్చాడు. ఆయనదీ బాపట్లలోనే ఉద్యోగం, ఒక ఎరువుల కంపెనీ ఆఫీసులో గుమాస్తా. ఉదయం తండ్రీకూతుళ్ళు ఒకే రైలెక్కుతారు. సాయంత్రం ఒకే రైల్లో దిగినా, ఈ వారం రోజులుగా ఆయన తెనాలి ప్లాట్‌ఫారం మీదే కూర్చుని కాలక్షేపం చేసి వస్తున్నాడు. ఆ సంగతి ఎవరూ చెప్పకపోయినా ప్రేమకుమారికి తెలుసు.

కంచంలో అన్నం కలుపుతూ ఆయన రేపటి మాట ఎత్తాడు. రేపు శనివారం, రేపల్లె వెళ్ళి ఆవిడతో మాట్లాడి రమ్మన్నాడు. ఇద్దరం కలిసి వెళ్దామంది ప్రేమకుమారి. ఆయన తల ఊపలేదు.

"మాట అన్నది నువ్వు. నువ్వెళ్తేనే బావుంటది," అన్నాడు.

"అన్నది నేనే. కాదనట్లేదు. కానీ ఏవండీ, అంతమంది వస్తారని మీకు మాత్రం తెలుసా?"

ప్రకాశం కలిపిన ముద్ద కంచంలోనే పెట్టాడు. కార్డులు ఎవరెవరికి ఇచ్చారో ఆయనకూ తెలుసు. పెళ్ళివారి తరఫున వ్యానుకి సరిపడా మనుషులొస్తారని కృపమ్మగారే చెప్పారు. తక్కినవాళ్ళు ఎలా వచ్చారో తనకీ అంతుపట్టడం లేదన్నాడు.

ఆ మాటకి మంచినీళ్ళ కోసం వచ్చిన కెజియా గ్లాసు అక్కడే పెట్టేసి వెనక్కి తిరిగింది.

"ఆగు," అంది ప్రేమకుమారి. "నీతో మాట్లాడాలి."

"ఏం మాట్లాడతావమ్మా? గ్లాసుడు బియ్యం ఎక్కువ పొయ్యమంటే నువ్వేమన్నావు? అన్నం పారేసే ఇంట్లో దేవుడుండడన్నావు. ఇప్పుడు మనింట్లో ఉన్నాడా?"

"కెజియా," అన్నాడు ప్రకాశం.

"నన్ను చెప్పనీ నాన్నా. చిన్నప్పట్నుంచీ ఇంతే కదా. అందరూ బర్త్‌డేకి చాక్లెట్లు పంచితే నేను విత్తనాలు పంచాను. రంగుకాగితాల బదులు పాత పేపర్లో చుట్టి. క్లాసంతా నవ్వింది. నవ్వితే నవ్వారులే అనుకున్నాను. వాళ్ళు బయటివాళ్ళు. ఇప్పుడు నవ్వేది నేను వెళ్ళాల్సిన ఇల్లు."

ప్రేమకుమారికి ఆ విత్తనాల పుట్టినరోజు బాగా గుర్తుంది. పిల్ల ఆ వేళ సంతోషంగా ఇంటికొచ్చిందనే ఇన్నేళ్ళూ అనుకుంది. ఆ సంగతి చెప్పబోయి, ఇప్పుడు చెప్పి ప్రయోజనం ఏముందిలే అని ఊరుకుంది. కెజియా తలుపు వేసుకుంది. ప్రకాశం కంచంలో ఒక్క మెతుకు వదలకుండా తిని, అలవాటు ప్రకారం కంచం కడిగి బోర్లించాడు.

ముగ్గురు మనుషులున్న ఇంట్లో ఒంటరితనం ఎక్కడ పడుతుందని అనుకునేది ఆమె ఒకప్పుడు. ఇప్పుడు వంటింటి నుంచి హాల్లోకి, హాల్లోనుంచి వంటింట్లోకి తిరుగుతుంటే కావలసినంత చోటు కనిపించింది.

గట్టుమీద ఉన్న ప్లాస్టిక్ డబ్బాలను కుంకుడు రసంతో శుభ్రంగా కడిగి ఆరబెట్టింది. పారేయడానికి చేతులు రాలేదు. పోపుదినుసులు పోసుకోవడానికి పనికొస్తాయనిపించింది. అలా అనిపించినందుకు తనమీద తనకే చెప్పలేనంత కోపం వచ్చింది.

*

పొద్దున అరటి పాదుకి నీళ్ళు పోస్తుంటే ప్రహరీ అవతల నుంచి మున్నీసా పలకరించింది. ఆమె భర్త టైలరు. కత్తిరింపుల్లో మిగిలిన గుడ్డముక్కలన్నీ మున్నీసా మూటకట్టి ఇస్తే, ప్రేమకుమారి వాటిని సంచులు కుట్టి స్కూల్లో పంచుతుంది. ఈ వారంలో మొహం చాటేయకుండా మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే.

చక్రకేళి గెల నుంచి ఒక అత్తం కోసి సంచిలో పెట్టుకోవడం చూసి, రేపల్లెకేనా అని అడిగింది మున్నీసా. అవునంది ప్రేమకుమారి.

"మా అమ్మ ఎసట్లోకి బియ్యం పోసేటప్పుడు కళ్ళు మూసుకునేది టీచరమ్మా. లెక్కపెడితే బర్కత్ పోతుందనేది. ఇంట్లో వృద్ధి ఉండదని."

"అయితే నువ్వూ నాదే తప్పంటావు."

"అయ్యో, నేనెందుకంటానండి. మా ఇంటి ముచ్చట చెప్పానంతే." మున్నీసా కాసేపు గోడ పెళ్ళలు గిల్లుతూ నిలబడింది. "తోడు రమ్మంటారా?"

రమ్మనాలనే ఉంది. కానీ తన ఇంటివాళ్ళే రాని చోటికి పొరుగింటావిణ్ణి వెంటబెట్టుకెళ్తే వాళ్ళ పరువు తీసినట్టవుతుంది. వద్దులేమ్మా, ఎండగా ఉంది అంది.

రేపల్లె బండి ఖాళీగా ఉంది. వేమూరు దాటాక పొలాలనిండా మినుము పచ్చగా కమ్ముకుని ఉంది. ఎదుటి సీట్లో ఒకావిడ తెచ్చుకున్న ఇడ్లీలు తిని, ఆకూ కాగితమూ కిటికీలోంచి బయటికి విసిరింది. ఇంకో రోజైతే ప్రేమకుమారి ఊరుకునేది కాదు. 'అమ్మా, ఆ సంచిలో వేసుకుని స్టేషన్లో పారేద్దురూ' అని నవ్వుతూనే చెప్పేది. ఇప్పుడు కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇంకొకరికి చెప్పే అర్హత తనకుందో లేదో ఆమెకే తెలియడం లేదు. భట్టిప్రోలు వచ్చేదాకా కృపమ్మతో ఏమనాలో లోలోపల వల్లె వేసుకుంది.

*

కృపమ్మ భర్త పోయాక, రేపల్లె బస్టాండు దగ్గర ఆయన పెట్టిన కిరాణా కొట్టు ఆమే నడుపుకొస్తోంది. కొట్టు ముందు, ఇల్లు వెనక. ప్రేమకుమారి వెళ్ళేసరికి బేరాలు జోరుగా ఉన్నాయి.

"వందనాలు వదినగారూ."

"వందనాలు. కూర్చోండి," అంది కృపమ్మ. వదినా అనలేదు.

చక్రకేళి అత్తం పుచ్చుకుని గల్లాపెట్టె పక్కన పెట్టింది. ప్రేమకుమారి స్టూలు మీద కూర్చుంది. పంచదార కవర్లోకి, కందిపప్పు కవర్లోకి, ఆ రెండూ కలిపి ఇంకో కవర్లోకి వెళుతున్నాయి. కళ్ళు వాటివైపు పోకుండా ఆమె నేలవైపే చూస్తోంది. అది గమనించిందో ఏమో, కృపమ్మ ఒకావిడకు కోడిగుడ్లు రెండు కవర్లు వేసి మరీ ఇచ్చింది.

బేరం పల్చబడేదాకా మాట లేదు. తర్వాత కృపమ్మే మొదలుపెట్టింది.

"మా బావగారు పెద్దాయన. ఒకరింటికి వెళ్ళి తినే మనిషి కూడా కాదు. తమ్ముడు లేడు కదా, తమ్ముడి కొడుకు ప్రధానమని వచ్చాడు. చెయ్యి కడుక్కుని కూర్చున్నవాడు ఖాళీ కంచం ముందునుంచి లేచి వెళ్ళాడు. దారంతా ఒక్క మాట అన్లేదు నన్ను. అదే నాకు మంటగా ఉంది."

"తప్పయిపోయింది వదినగారూ."

"అన్నం తక్కువైందని నేనేం అనుకోను. ఎవరింట్లోనైనా తక్కువవుద్ది. ఎవరు పిలిచారన్నారు చూడండి, ఆ మాట."

ఆ మాట తన నోటినుంచి రాకుండా ఉండవలసిందని ప్రేమకుమారి ఒప్పుకుంది. ఆ ఒక్క మాటకి ఎన్నిసార్లయినా క్షమాపణ అడుగుతానంది. కానీ మీవాళ్ళు అంతమంది వస్తారని మాకు నిజంగా తెలియదండి, కార్డులిచ్చినవాళ్ళకే వండించాను అని చెప్పింది.

కృపమ్మ తూకంలో ఉన్న శనగపప్పును మళ్ళీ బస్తాలో పోసింది.

"తెలీకపోవడం ఏంటండి? మీ అమ్మాయే కదా మా అయ్యగారికి ఫోన్ చేసి గుడిలో చెప్పమంది."

ప్రేమకుమారికి ఒక నిమిషం ఏమీ అర్థం కాలేదు. కృపమ్మ ఆమె మొహం చూస్తూ నిదానంగా చెప్పుకొచ్చింది. ప్రధానానికి ముందు ఆదివారం కెజియా ఫోన్ చేసిందట. మీ సంఘంలోకి రాబోతున్నదాన్ని, సంఘమంతా మా కోసం ప్రార్థన చెయ్యాలి, అందరి దీవెనలూ కావాలి అని అడిగిందట. అయ్యగారు పొంగిపోయి, ఆరాధన చివర నిలబడి, తెనాలి ఆడపెళ్ళివారు మనందర్నీ రమ్మంటున్నారు అని ప్రకటన చేశారట.

"మా గుడిలో చెప్పారంటే గుమ్మం గుమ్మానికీ వచ్చి పిలిచినట్టే. పిలిచాక వెళ్ళకపోతే ఆ ఇంటిని చిన్నచూపు చూసినట్టు. అందుకే పనులు మానుకుని మరీ బయల్దేరారు."

తెనాలి గుడిలో అలాంటి ప్రార్థన మనవుల చీటీలు ప్రతి ఆదివారం చదువుతారు. పరీక్షలున్నవాళ్ళు, ఆపరేషన్లున్నవాళ్ళు, ప్రధానాలున్నవాళ్ళు. చదవడం, ఆమేన్ అనడం, అంతటితో సరి. టౌనులో పెరిగిన పిల్లకి ఇక్కడి పద్ధతి ఏం తెలుసు. ఫోన్ చేసేటప్పుడు ప్రార్థన తప్ప దాని మనసులో ఇంకేమీ ఉండి ఉండదు. ఆటోలు దిగుతున్నప్పుడు తెలిసి ఉంటుంది. ఆ సమయంలో కెజియా మొహం పాలిపోవడం ప్రేమకుమారి చూసింది. అన్నం చాలదని భయపడుతోంది కాబోలు అనుకుంది.

అంటే 'ఎవరు పిలిచారు' అని తను అడిగినప్పుడు జవాబు పక్కనే నిలబడి ఉంది. ఈ వారం రోజులూ తలుపు వేసుకుని, వండింది ముట్టకుండా ఉన్నదీ ఆ జవాబే. పిల్ల మీద కోపం రావలసింది. రాలేదు. ఒక్కత్తీ ఆ గదిలో ఈ బరువు ఎలా మోస్తోందో అనిపించింది.

"వదినా," అంది కృపమ్మ. ఈసారి ఆ పిలుపు వచ్చింది గానీ అందులో చనువు లేదు. "నన్ను ఒక్కటే తొలుస్తా ఉంది. మీరు ఎవరు పిలిచారని అడిగినప్పుడు ఆ పిల్ల మీ పక్కనే ఉంది. నేనేనమ్మా పిలిచాను అని ఒక్క మాట అంటే మావాళ్ళు ఆకలితో కూడా నవ్వుకుంటా వెళ్ళేవాళ్ళు. నోరు మెదపలేదు. పిలిచి, పిలవనట్టు నిలబడ్డ పిల్ల రేపు నా ఇంట్లో నా కొడుకుతో ఎట్టా ఉంటది? ప్రకటన ఆపింది అందుకు. మీ బియ్యం గురించి కాదు."

కొట్టు ముందు ఒకతను అగ్గిపెట్టె అడిగాడు. కృపమ్మ ఇచ్చి పంపింది.

"మీకు తెలిసే ఫోన్ చేసిందా, తెలీకుండా చేసిందా? దేవుడి ఎదట చెప్పినట్టు చెప్పండి."

ప్రేమకుమారికి జీవితంలో ఒకే ఒక గర్వం ఉంది. తను మిగిల్చింది ఎప్పుడూ తన కడుపులోంచీ తన ఒంటిమీదనించీ మిగిల్చిందే. పనిమనిషి జీతంలో కోసుకోలేదు, కూరలమ్మే ముసలమ్మతో గీచిగీచి బేరమాడలేదు. పిసినారి అన్నవాళ్ళని చూసి నవ్వగలిగింది అందుకే. ఆ గర్వం ఇప్పుడు ఆ కొట్టులో పెట్టి వెళ్ళాలని ఆమెకు అర్థమైంది. నిజం చెబితే పిల్ల పెళ్ళి పోతుంది. పిల్ల తెలియక చేసిందని ఎంత చెప్పినా, నోరు విప్పకపోవడానికి సమాధానం లేదు.

"నాకు తెలిసే చేసింది," అంది. "నేనే చేయమన్నాను."

కృపమ్మ గల్లాపెట్టె మూసింది.

"మీ సంఘాన్ని పిలవకపోతే బావుండదని నేనే ఫోన్ చేయించాను. అంత దూరం నుంచి ఎవరొస్తార్లే, వచ్చినా సగం మందే వస్తారు అనుకుని తక్కువ వండించాను. మిగిలి పారేయడం ఎందుకని. తీరా అందరూ వచ్చేసరికి ఏం చెయ్యాలో తోచక, ఎవరు పిలిచారని పైకి అన్నాను. దాన్ని నోరెత్తొద్దని సైగ చేశాను. అది నా మాట దాటదండి. చిన్నప్పట్నుంచీ అంతే."

ఇంత అబద్ధం తను ఇంత వరసగా ఆడగలదని ఆమెకు అంతవరకూ తెలియదు.

బస్సు ఒకటి హారన్ కొడుతూ వెళ్ళిపోయింది. చివరికి కృపమ్మ కొట్టు అప్పగించడానికి పక్కింటి మనిషిని కేకేసి, లోపలికి రమ్మని చెయ్యి చూపించింది.

"భోజనం వేళైంది. రండి."

ఆకలిగా లేదని ప్రేమకుమారి అనలేకపోయింది. పీట వేసి కంచం పెట్టింది కృపమ్మ. అన్నం హస్తం గరిటెతో తీసి వేసింది. ఇంకో హస్తం వేసింది. మధ్యలో చెయ్యి అడ్డం పెట్టబోతే ఆగకుండా మూడోదీ వేసింది. చేపల పులుసు కంచం అంచుదాకా పోసింది. తను కూర్చోలేదు. తలుపుకి ఆనుకుని నిలబడింది.

"తినండి. మా ఇంట్లో లెక్క లేదు."

ప్రేమకుమారి తినసాగింది. వదిలేసి లేవవచ్చు, ఎవరూ ఏమీ అనరు. ఆ ఇంట్లో మిగిలిన అన్నం తినడానికి కోళ్ళున్నాయి. కానీ యాభై ఏళ్ళు దాటినా కంచంలో వదలడం ఆమెకు చేతకాదు. ఒక్కో ముద్దా మంచినీళ్ళతో దించుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగితే పులుసు కారమనుకుంటుందిలే అని తల దించుకుంది. కృపమ్మ చివరి మెతుకుదాకా చూసింది.

చేతికి నీళ్ళు పోస్తూ చెప్పింది. రేపు ప్రకటన చదివిస్తానంది. పిల్ల తప్పు లేదని తెలిశాక ఆపడం పాపమంది. లెంటు మొదలయ్యేలోపే పెళ్ళి చేద్దామంది. ప్రేమకుమారి రెండు చేతులూ జోడించబోయింది.

"ఒక్క మాట వదినా. పెళ్ళి విందు మాదే. ఇక్కడే, మా చేతుల మీదుగానే. వంటపందిట్లోకి మీరు రావద్దు. సంఘానికి నేను ఏం చెప్పాలో అది చెబుతాను. తల్లి చేసినదానికి పిల్లని అనొద్దని చెబుతాను. మీ గురించి నేను ఇంక ఎవరి నోరూ మూయలేను."

"అలాగేనండి," అంది ప్రేమకుమారి.

*

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. తండ్రీకూతుళ్ళిద్దరూ హాల్లోనే ఉన్నారు. ఆమె కోసం ఎదురుచూస్తున్నారని వాళ్ళ మొహాలే చెబుతున్నాయి. ఈ వారంలో ఎవరైనా ఆమె కోసం ఎదురుచూడటం అదే మొదలు.

రేపు చదువుతారట అని చెప్పింది. ప్రకాశం కుర్చీలో వెనక్కి వాలి, గుండెమీద చెయ్యి వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. ఏమని ఒప్పించావని అడిగాడు.

"తప్పంతా నాదేనని ఒప్పుకున్నాను."

"పోనీలే," అన్నాడు ప్రకాశం. "ఇన్నాళ్ళకి ఒప్పుకున్నావు."

ఆయన ఆ మాట మనసు నొప్పించాలని అనలేదు. తేలికపడి అన్నాడు. అందుకే అది ఆమెకు ఇంకా లోతుగా తగిలింది. ఆయన స్నానానికి లేచి వెళ్ళాడు.

కెజియా మాత్రం కదల్లేదు. దుపట్టా అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

"ఆవిడ ఇంకేం అడిగింది?"

"ఏం అడుగుతుంది. ఎందుకట్లా జరిగిందని అడిగింది. నేను చెప్పాను."

"వాళ్ళని ఎవరు పిలిచారో... ఆ మాట వచ్చిందా?"

ప్రేమకుమారి కూతురి పక్కన కూర్చుంది. ఇప్పుడు చెబుతుంది అనుకుంది. చెప్పగానే తల నిమిరి, నాకు తెలుసులేమ్మా, ప్రార్థన కోరావు, అందులో తప్పేముంది అనాలని మాట సిద్ధం చేసుకుంది. ఆ ఒక్క మాట పిల్ల నోటినుంచి వస్తే, రేపల్లెలో మింగిన అన్నమంతా అరిగిపోతుందనిపించింది.

"రాలేదు," అంది. పిల్లకి చోటివ్వడానికి ఇంకేమీ అనకుండా ఆగింది.

కెజియా ఊపిరి వదిలింది. లేచి నిలబడింది. వంటింట్లోకి వెళ్ళి, గిన్నె మూత తీసి, కంచంలో అన్నం పెట్టుకుని వచ్చింది. ఇంటి అన్నం. తల్లి వంక చూడకుండా రెండు ముద్దలు తిని, మూడో ముద్ద కలుపుతూ ఆగింది.

"రేపు పొద్దున బండికి నేనూ నాన్నా వెళ్తాం. ప్రకటన చదివేటప్పుడు మనవాళ్ళు ఉండాలి కదా."

"ముగ్గురం వెళ్దాం. నా తెల్లచీర ఇస్త్రీ చేసే ఉంది."

"వద్దు," అంది కెజియా. "అక్కడ మళ్ళీ ఎవరో ఏదో అడుగుతారు. నువ్వేదో చెబుతావు. నువ్వు రావద్దమ్మా."

ప్రేమకుమారి సరేనంది.